లైన్ చెప్పండి, కథ తర్వాత

చిరంజీవులైన పిల్లలకు,

గోదావరి వరద మీద మీరు రాసిన షార్ట్ ఫిలిం స్క్రిప్టు అందింది. మొదటి పేజీలో లాగ్‌లైన్ (కథను ఒక్క వాక్యంలో చెప్పే లైన్) అని రాశారు: "శ్రీను అనే కుర్రాడు కష్టాలన్నీ దాటుకుని చివరికి ఎలా గెలిచాడన్నదే ఈ కథ." ఈ ముక్క ఏ సినిమాకైనా అతుకుతుంది, అందుకే దేనికీ పనికిరాదు.

సినిమావాళ్లు "లైన్ ఏంటి?" అని అడిగితే వాళ్లకు తెలియాల్సింది ఇదీ: ఎవరు, ఏం ముంచుకొచ్చింది, ఇప్పుడేం చేసి తీరాలి, అడ్డం ఏమిటి. చేయలేకపోతే ఏం పోతుందో కూడా అందులోనే తెలిసిపోవాలి. అంతా ఒకే వాక్యంలో, ఇరవై మాటలు దాటకుండా. ఇంగ్లీషులో పాతిక, ముప్పై దాకా పోతారు గానీ మనకు అన్ని అక్కర్లేదు.

ముందు పేరు తీసేయండి. శ్రీను ఎవరో మీకు తెలుసు, చదివేవాళ్లకు తెలియదు. గాంధీ గారి కథైతే పేరు పెట్టొచ్చు. లేకపోతే పేరుకు బదులు మనిషి పని, అతని లోపం పెట్టండి. మీ శ్రీను పడవ సరంగు కొడుకు, పైగా నీళ్లంటే భయం. ఇంత మంచి సంగతిని ఏడో పేజీలో దాచారేమర్రా! లోపం కూడా ఏదో ఒకటి తగిలిస్తే చాలదు. చేయాల్సిన పనికి అడ్డుపడేదే కావాలి. వాడికి లెక్కలు రావని రాస్తే వరదలో దానికేం పని?

'ఈగ' (2012) చూశారుగా. తనను చంపినవాడి మీద పగ తీర్చుకోవాలి, చూస్తే ఈగగా పుట్టాడు. పని అంత పెద్దది, చేసేవాడు ఇంత. ఆ ఒక్క ముక్క వినగానే "ఎలా?" అని అడగాలనిపిస్తుంది.

ఇక "గెలిచాడు" కొట్టేయండి. ముగింపు సినాప్సిస్‌లో, అంటే కథ సారాంశంలో చెప్పాలి, అక్కడ దాస్తే నిర్మాతకు చిరాకు. లాగ్‌లైన్‌లో మాత్రం చెప్పకూడదు. "కష్టాలు" కూడా వద్దు, కెమెరాకు కనబడవు. వరద కనబడుతుంది, లంకలో ఇల్లు వదలని తాత కనబడతాడు.

భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక అని రాసుకున్నారు. అంకె సరైనదే. అది టీవీ వార్తల్లో వినిపించే డైలాగుకు వాడుకోండి. లాగ్‌లైన్‌లో "తెల్లారేలోగా" అన్న ఒక్క మాట చాలు, గడువు తెలిసిపోతుంది.

ఇప్పుడు కలపండి:

"గోదావరి వరదకు లంక మునిగిపోతుంటే, నీళ్లంటే హడలిపోయే సరంగు కొడుకు, ఇల్లు వదలనని మొండికేసిన తాతను తెల్లారేలోగా ఒంటరిగా ఒడ్డుకు చేర్చాలి."

వరద ఎవరికైనా అడ్డమే. తాత మొండితనం మాత్రం మీ కథకే సొంతం, దాన్ని వదులుకోకండి.

"భయాన్ని ముంచేసిన రాత్రి" అని కింద ఇంకోటి రాశారు. అది ట్యాగ్‌లైన్, పోస్టర్ మీదికి బాగుంటుంది. దాన్ని చదివితే కథేమిటో తెలియదు. "చేర్చగలడా?" అని ప్రశ్నతో ముగించడం కూడా మానండి, "చేర్చాలి" అనగానే ఆ ప్రశ్న దానంతటదే పుడుతుంది.

రాశాక, స్క్రిప్టు చదవని వాళ్లకు వినిపించండి. "తర్వాత?" అంటే కుదిరినట్టే. "ఎవరు? ఎందుకు?" అంటే ఏదో జారిపోయింది. ఎన్నిసార్లు రాసినా "చేర్చాలి" లాంటి క్రియ దొరకకపోతే తప్పు వాక్యంలో లేదు, కథలో ఉంది. మీ హీరోకి పనేమీ ఇవ్వలేదన్నమాట. అప్పుడు వాక్యాన్ని చెక్కుతూ కూర్చోకుండా స్క్రిప్టు తెరవండి.

అన్నట్టు, అక్క పెళ్లి గొడవ ఈ వాక్యంలో ఎక్కడా ఇమడలేదు. పెద్ద సినిమాలో ఉపకథగా ఉండొచ్చు. మీది పది నిమిషాల సినిమా, ఆ మూడు సీన్లు తీసేసి చదివి చూడండి. ఏమీ తగ్గినట్టు అనిపించకపోతే, షూటింగ్‌లో ఒక రోజు మిగులుతుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న