ఉత్త నీళ్లు ఎందుకు చాలవంటే

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

విరేచనాలు అవుతుంటే మంచినీళ్లు తాగితే చాలదా, ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగే ఉప్పు, గ్లూకోజ్ పొడి) ఎందుకని ఫోన్లో అడిగారు కదా. రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక కప్ప గుండె సంగతి. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెను ఉప్పునీళ్లలో ఉంచి పరీక్షించేవాడు. అది చక్కగా కొట్టుకునేది. తీరా చూస్తే ఆ ఉప్పు కలిపింది కుళాయి నీళ్లలో! లవణాలేవీ లేని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి చూస్తే గుండె నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాస్త కాల్షియమే అంత తేడా తెచ్చింది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే.

మన ఒంట్లోనూ సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లాంటివి నీళ్లలో కరిగి, విద్యుదావేశంతో ఉంటాయి. అవే ఎలక్ట్రోలైట్లు. సోడియం ఎక్కువగా కణాల బయట, పొటాషియం లోపల ఉంటాయి. ఆ తేడా వల్లే నరాల్లో సంకేతాలు పరుగెడతాయి, కండరాలు కదులుతాయి.

రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ (ల్యాబుల్లో వాడే కొలత) ఉండాలి. వాంతులు, విరేచనాలు, విపరీతమైన చెమట నీళ్లతోపాటు లవణాలనూ పట్టుకుపోతాయి. అప్పుడు ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే ఉన్న సోడియం ఇంకా పలచబడుతుంది. నీళ్లు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. మెదడు ఉబ్బడానికి పుర్రెలో చోటేదీ? అందుకే తలనొప్పి, వికారం, తికమక, ముదిరితే ఫిట్స్ వస్తాయి.

నాకు ఎక్కువ భయం పొటాషియంతోనే. రక్తంలో దాని హద్దులు లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మాత్రమే. విరేచనాలతో తగ్గినా, కిడ్నీలు దెబ్బతిని పెరిగినా గుండె లయ తప్పవచ్చు. పైకి ఏమీ కనబడకపోవచ్చు కూడా, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. అలాగని ఆడుకున్నాక కాలు పట్టేసిన ప్రతిసారీ టెన్షన్ పడకండి, కండరం అలసినా పట్టేస్తుంది.

ఇక మీ ఓఆర్ఎస్. లీటరు నీళ్లకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, కొంచెం పొటాషియం, సిట్రేట్ ఉంటాయి. గ్లూకోజ్ రుచి కోసం కాదర్రా! పేగుల్లో అది సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళుతుంది, వాటి వెనకే నీళ్లూ వెళతాయి. కాబట్టి ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నే పోయండి. తాగింది నిలవకపోయినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమని పెద్దవాళ్లకు చెప్పండి.

మీ తాతయ్య