రెజ్లింగ్ పిల్లల షో నుంచి పెద్దల షోగా ఎలా మారింది: యాటిట్యూడ్ ఎరా వెనుక కథ

1997 డిసెంబర్ 15 రాత్రి 'రా' అనే టీవీ షోలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) యజమాని విన్స్ మెక్‌మాన్ కెమెరా ముందుకొచ్చి జనంతో నేరుగా మాట్లాడాడు. మంచివాడు, చెడ్డవాడు అనే పాత కథలతో మీ తెలివిని తక్కువ చేస్తుంటే మీకు విసుగొచ్చింది, ప్రార్థన చేయండి, విటమిన్లు వేసుకోండి అని చెప్పే సూపర్‌హీరోల కాలం అయిపోయింది, ఇకమీదట మా షో వేరేగా ఉంటుంది, పిల్లలు చూసేటప్పుడు తల్లిదండ్రులు కాస్త కనిపెట్టుకుని ఉండాలి. క్లుప్తంగా ఆయన చెప్పింది ఇదే. రెజ్లింగ్ పెద్దల షోగా నడిచిన కాలం, అంటే యాటిట్యూడ్ ఎరా, అక్కడే మొదలైందని చాలామంది అంటారు. నాకైతే అది ఆలస్యంగా వచ్చిన ప్రకటనలా కనిపిస్తుంది. మార్పు అంతకు మూడేళ్ల ముందే మొదలైంది, అదీ ఆయన రింగులో కాదు.

ఎనభైల్లో ఈ వ్యాపారమంతా పిల్లల మీద నడిచింది. 1985 మార్చి 31న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కంపెనీ అతిపెద్ద షో రెజిల్‌మేనియా మొదటిసారి, అదే ఏడాది అప్పటి హీరో రెజ్లర్ హల్క్ హోగన్ మీద కార్టూన్, బొమ్మలు, టీషర్టులు. 1989లో న్యూజెర్సీ చట్టసభ ముందు కంపెనీయే ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకుంది. ఎందుకంటే క్రీడ అంటే కమిషన్ల పర్యవేక్షణ, పన్నులు అన్నీ నెత్తిన పడతాయి. ఈ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నా దృష్టిలో ఇది చాలా ముఖ్యం, ఒకసారి వినోదం అని ఒప్పేసుకున్నాక సీరియల్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు, కథలో ఏం పెట్టినా అడిగేవాడు తక్కువ.

ఆ తర్వాత స్టెరాయిడ్ల కేసు వచ్చింది. 1993లో మెక్‌మాన్ మీద ఫెడరల్ అభియోగాలు మోపారు, 1994 జులైలో విచారణ జరిగింది, పిల్లలకు విటమిన్లు తినమని చెప్పిన హోగనే తాను స్టెరాయిడ్లు వాడానని ప్రమాణం చేసి చెప్పాడు. జ్యూరీ మెక్‌మాన్‌ను నిర్దోషిగా వదిలేసింది గానీ పాత హీరో బొమ్మ మాత్రం పగిలిపోయింది. కేసు నడిచే సమయానికే హోగన్ పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూలో చేరిపోయాడు కూడా. మిగిలిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏం చేసిందంటే చెత్తబండి మనిషి, పళ్ల డాక్టర్, ప్లంబర్, ఇలా ఒక్కో ఉద్యోగానికి ఒక్కో రెజ్లర్‌ని దింపింది. ఎనభైల్లో హోగన్‌ని చూసి చప్పట్లు కొట్టిన పిల్లలు అప్పటికి కాలేజీకి వెళ్తున్నారు, వాళ్లకి పళ్ల డాక్టర్ రెజ్లర్‌తో ఏం పని?

అసలు నిప్పు అంటుకున్నది ఫిలడెల్ఫియాలో. దక్షిణ ఫిలడెల్ఫియాలో బింగో ఆడుకునే ఒక హాలు, అందులో ఈసీడబ్ల్యూ అనే చిన్న కంపెనీ. 1994 ఆగస్టు 27న రెజ్లర్ షేన్ డగ్లస్ అక్కడ ఎన్‌డబ్ల్యూఏ అనే పాత రెజ్లింగ్ సంఘం ప్రపంచ టైటిల్ గెలిచి, ఎంతో పాత చరిత్ర ఉన్న ఆ బెల్టును కింద పడేశాడు. కంపెనీ పేరులో 'ఈస్టర్న్' పోయి 'ఎక్స్‌ట్రీమ్' వచ్చింది. పాల్ హేమన్ నడిపిన ఆ రింగులో బల్లలు విరిగేవి, ముళ్లతీగ కట్టేవాళ్లు, శాండ్‌మన్ అనేవాడు సిగరెట్ కాలుస్తూ బీర్ తాగుతూ జనం మధ్యలోంచి నడిచొచ్చేవాడు, కొన్ని మ్యాచ్‌లకు ప్రేక్షకులే ఇంటి నుంచి పెనాలు, కర్రలు తెచ్చి చేతికిచ్చేవాళ్లు. ఇక్కడ రక్తం గురించే అందరూ మాట్లాడతారు, కానీ ఈసీడబ్ల్యూ నిజంగా తెచ్చింది ఇంకొకటి: మైక్ పట్టుకున్న మనిషి తన సొంత కోపాన్ని మాట్లాడటం. 1995లో గాయంతో ఇంట్లో ఉన్న రెజ్లర్ స్టీవ్ ఆస్టిన్‌ని డబ్ల్యూసీడబ్ల్యూ ఉద్యోగంలోంచి తీసేస్తే, కొన్నాళ్లు కుస్తీ పట్టలేని పరిస్థితిలో ఆయన ఈసీడబ్ల్యూకి వచ్చి తనను తీసేసినవాళ్లని మైక్‌లో కడిగేశాడు. తర్వాత ప్రపంచమంతా చూసిన ఆస్టిన్ అక్కడే తయారయ్యాడు.

డబ్ల్యూసీడబ్ల్యూ మరోవైపు నుంచి నరుక్కొచ్చింది. దాని వెనుక మీడియా వ్యాపారి టెడ్ టర్నర్ డబ్బు, చానల్ ఉన్నాయి. 1995 సెప్టెంబర్ 4న 'రా' వచ్చే సోమవారం రాత్రే, దానికి పోటీగా 'నైట్రో' అనే షో మొదలుపెట్టారు. 1996 మేలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వదిలొచ్చిన స్కాట్ హాల్ పిలవకుండానే వచ్చినట్టు జనంలోంచి రింగులోకి దిగాడు, తర్వాత కెవిన్ నాష్, జులై 7న హోగనే విలన్‌గా మారాడు. హోగన్! రింగులోకి చెత్త వచ్చి పడింది ఆ రాత్రి. ఎన్‌డబ్ల్యూఓ అనే ఆ ముఠా కథ ఏది నాటకమో ఏది నిజమో తెలియకుండా నడిచింది, దాంతో నైట్రో వరుసగా 83 వారాలు రేటింగ్స్‌లో 'రా'ని ఓడించింది. మెక్‌మాన్ మారింది ఆ దెబ్బకే. కళ కోసం కాదు, కంపెనీ నిలబడాలని.

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చేతిలో ఆస్టిన్ ఉన్నాడు. 1996 జూన్ 23న కింగ్ ఆఫ్ ద రింగ్ టోర్నమెంట్ గెలిచి, బైబిల్ వాక్యాలు చెప్పే ప్రత్యర్థి జేక్ రాబర్ట్స్‌ని ఉద్దేశించి, బైబిల్‌లోని 'జాన్ 3:16'ని వెక్కిరిస్తూ 'ఆస్టిన్ 3:16' అన్నాడు, అది టీషర్టు మీదకెక్కి దేశమంతా తిరిగింది. 1997 నవంబర్ 9న మాంట్రియల్‌లో అప్పటి ఛాంపియన్ బ్రెట్ హార్ట్ ఓటమి ఒప్పుకోకుండానే మెక్‌మాన్ గంట కొట్టించి బెల్ట్ లాక్కున్నాడు. జనం ఆయన్ని నిజంగానే అసహ్యించుకున్నారు, ఆయన ఆ అసహ్యాన్నే 'మిస్టర్ మెక్‌మాన్' అనే విలన్ పాత్రగా మార్చుకున్నాడు. ఇక ఆయన మీద తిరగబడే ఉద్యోగి ఆస్టిన్. బీర్ లారీతో వచ్చి పైపుతో బాస్‌ని తడపడం, బాస్ కారులో సిమెంట్ పోయడం. పై అధికారి మాటలు దిగమింగి ఇంటికొచ్చిన మనిషికి సోమవారం రాత్రి అంతకన్నా ఏం కావాలి? ఇద్దరికీ మ్యాచ్ అని ఊరించిన 1998 ఏప్రిల్ 13 రాత్రి, 83 వారాల తర్వాత, 'రా' మళ్లీ పైకొచ్చింది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. నెగ్గింది ఆ కథ. కానీ దాంతోపాటు అదే పొట్లంలో కట్టి ఇంకా చాలా అమ్మారు, పైగా అవన్నీ ఉంటేనే షో ఆడుతుందని నమ్మారు. ఆడవాళ్లకి బట్టలు లాగేసే మ్యాచ్‌లు పెట్టారు. చైనా అనే మహిళా రెజ్లర్ మగవాళ్లతో సమానంగా తలపడి 1999లో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచిన రోజుల్లోనే మిగతా ఆడవాళ్ల పని దాదాపు అంతే. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ అనే రెజ్లర్ తన ప్రత్యర్థి మిక్ ఫోలీని ఇనుప పంజరం పైనుంచి కింద బల్ల మీదకి విసిరేశాడు, ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 1999 మే 23న కాన్సాస్ సిటీలో పైకప్పు నుంచి తాడు మీద దిగే స్టంట్‌లో రెజ్లర్ ఓవెన్ హార్ట్ పడి చనిపోయాడు. షో ఆపలేదు. మిగతా మ్యాచ్‌లు జరిగాయి. దీన్ని నేను ఏ కోణంలోంచి చూసినా ఒప్పుకోలేను.

అదే ఏడాది అక్టోబర్‌లో కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లింది. టీవీ షోల మీద కన్నేసి ఉంచే పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ అనే సంస్థ ప్రకటనదారుల మీద ఒత్తిడి పెడితే కోకాకోలా లాంటివి తప్పుకున్నాయి. అయితే పిల్లల మరణాలను ఈ షోలకు అంటగట్టినందుకు ఆ సంస్థే 2002లో క్షమాపణ చెప్పి 35 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఈలోగా 2001లో ఈసీడబ్ల్యూ దివాలా తీసింది, డబ్ల్యూసీడబ్ల్యూని మెక్‌మానే కొనేశాడు. తరమడానికి ఎవరూ లేకపోయేసరికి తెగింపు కూడా మెల్లగా తగ్గింది.

మన దగ్గర ఇదంతా వేరేగా చేరింది. అమెరికాలో పెద్దల షో అని గొడవ జరుగుతుంటే ఇక్కడ ఎత్తు, బరువు, ర్యాంకు రాసి ఉన్న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులతో పిల్లలు ఆడుకునేవాళ్లు, అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని వాదించుకునేవాళ్లు. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి స్టేడియంలో అదే కంపెనీ షోలో రెజ్లర్ జాన్ సీనా కోసం అరిచినవాళ్లలో ఆ కార్డుల తరం చాలామందే ఉండుంటారు.

2007లో రెజ్లర్ క్రిస్ బెన్వా భార్యనీ కొడుకునీ చంపి తానూ చనిపోయాక, పరీక్షల్లో అతని మెదడు తీవ్రంగా దెబ్బతిని ఉందని తేలింది. 2008లో షో పీజీ రేటింగ్‌కి, అంటే పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే రేటింగ్‌కి మారింది. 2010లో తల మీద కుర్చీతో కొట్టడాన్ని నిషేధించారు. పాతరోజులు మళ్లీ తెమ్మని అడిగే ఫ్యాన్స్ 1999 జనవరి నాటి రాయల్ రంబుల్ అనే షో ఒకసారి పూర్తిగా చూడాలి. చేతులు వెనక్కి పెట్టి బేడీలు వేసిన ఫోలీని ద రాక్ అనే రెజ్లర్ తల మీద కుర్చీతో మళ్లీ మళ్లీ కొట్టాడు, ముందు వరసలో కూర్చున్న ఫోలీ పిల్లలు ఏడుస్తున్నారు. ఆస్టిన్, మెక్‌మాన్ కథకి ఆ దెబ్బల్లో ఒక్కటి కూడా అవసరం లేదు.