రొయ్యల చెరువుకు అనుమతిచ్చే సంస్థ: నియామకాల ఆలస్యం ఎక్కడ మొదలైంది?

ఉప్పునీటి చెరువులున్న రైతులు మాట్లాడుకునేటప్పుడు "సీఏఏ కాగితం" అనే మాట రాకుండా ఉండదు. మోటారు షెడ్డులో గోడకు ప్లాస్టిక్ కవర్లో వేలాడే రిజిస్ట్రేషన్ పత్రం అది. దాని గడువు అయిదేళ్లు. దాన్ని ఇచ్చే తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ (సీఏఏ) కార్యాలయం చెన్నైలో ఉంది. ఆ అథారిటీ చైర్‌పర్సన్‌కీ సభ్యులకీ పదవీకాలం మూడేళ్లే. కాగితం కన్నా దాన్ని ఇచ్చినవాళ్ల గడువే ముందు తీరిపోతుందన్నమాట. చెరువులో వనామీ రకం రొయ్యల పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. ఢిల్లీలో కొత్తవాళ్ల నియామకాల ఫైలు మూడు నెలలు కదలకపోతే ఇక్కడ ఒక పంటకాలం గడిచిపోయినట్టే.

ఆలస్యం ఈ సంస్థకు పుట్టుకతోనే వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు, ప్రకాశం నుంచి గోదావరి జిల్లాల దాకా టైగర్ రొయ్య మోజు నడిచింది. పొలాలు చెరువులయ్యాయి, తాగునీటి బావులు ఉప్పబడ్డాయి. 1994 చివర్లో తెల్లమచ్చల వైరస్ వచ్చి చెరువులకు చెరువులే ఖాళీ అయ్యాయి. అదే ఏడాది తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ ఈ సాగు మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ ధర్మాసనం తీర్పు చెప్పింది. సముద్ర తీరం వెంట ఆంక్షలుండే తీరప్రాంత నియంత్రణ జోన్‌లో సంప్రదాయ సాగు తప్ప మిగతా చెరువులన్నీ 1997 మార్చి 31లోగా తీసేయాలంది. పులికాట్, చిలికా సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల దాకా ఈ సాగు వద్దంది. నేలపట్టు పక్షుల కేంద్రం పేరు కూడా ఆ తీర్పులో ఉంది. ఇదంతా చూసుకోవడానికి హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన, నిపుణులతో ఒక అథారిటీని 1997 జనవరి 15లోగా ఏర్పాటు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది.

కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది ఫిబ్రవరి 6న. ఇరవై రెండు రోజులే కదా అనిపించొచ్చు. కానీ నియంత్రణ జోన్ బయట ఉన్న చెరువులకు కూడా ఏప్రిల్ 30లోగా ఇదే అథారిటీ అనుమతి ఉండాలి, లేకపోతే మూసేయాలని అదే తీర్పు చెప్పింది. లెక్కేస్తే ఎనభై మూడు రోజులు. ఒక పంటకాలం కూడా లేదు. ఆ వ్యవధిలో కొత్తగా పుట్టిన ఆఫీసు సర్దుకోవాలి, తీరం పొడవునా దరఖాస్తులు తీసుకోవాలి, చెరువులు చూడాలి. అయ్యే పనేనా? మార్చిలో రివ్యూ పిటిషన్ల మీద కోర్టు స్టే ఇవ్వబట్టి కూల్చివేతలు ఆగాయి.

అలా కోర్టు ఒత్తిడితో వచ్చిన సంస్థకు సొంత చట్టం రావడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. 2005 జూన్‌లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ ఏడాది చివర్లో కొత్త అథారిటీ ఏర్పడింది.

నియామకాలు ఎందుకు ఆలస్యమవుతాయో ఆ చట్టంలో సభ్యుల జాబితా చూస్తేనే అర్థమవుతుంది. చైర్‌పర్సన్‌గా హైకోర్టు న్యాయమూర్తి, లేదా ఆ పదవి చేసినవారు ఉండాలి. ఆక్వాకల్చర్ నిపుణులు ఒకరు. సముద్ర శాఖ పంపే తీర పర్యావరణ నిపుణులు ఒకరు, పర్యావరణ శాఖ నుంచి ఒకరు, వ్యవసాయ శాఖ నుంచి ఒకరు, వాణిజ్య శాఖ నుంచి ఒకరు. తీర రాష్ట్రాలకు నాలుగు సీట్లు, అవీ వంతుల వారీగా. ఆపైన మెంబర్ సెక్రటరీ. పదకొండు కుర్చీలకు పేర్లు ఇన్ని చోట్ల నుంచి రావాలి, అదీ మూడేళ్లకోసారి. ఒక్క శాఖ ఉత్తరం రాయడం మరిచిపోయినా జాబితా పూర్తికాదు. పైగా శాఖలే మారిపోతుంటాయి: చట్టంలో పేరున్న సముద్రాభివృద్ధి శాఖ 2006లోనే భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ అయింది, 2019లో మత్స్య శాఖ వ్యవసాయం నుంచి విడిపోయింది.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది వంతుల సీటు. దేశంలో రొయ్యలు అందరికన్నా ఎక్కువ పండించే ఆంధ్రప్రదేశ్‌కు కూడా శాశ్వత సీటు లేకుండా చట్టం రాశారు.

నిపుణుల సీటు ఖాళీగా ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నకు వనామీ ఉదాహరణ చాలు. విదేశీ రొయ్య మన నీళ్లలోకి రావచ్చా, తల్లి రొయ్యలను ఎక్కడ క్వారంటైన్‌లో పెట్టాలి, రొయ్య పిల్లల్ని పుట్టించే ఏ హేచరీకి అనుమతివ్వాలి అన్నవి గుమాస్తా స్థాయిలో తేలేవి కావు. ప్రయోగాలూ ముప్పు అంచనాలూ అయ్యాకే 2009లో దాని సాగుకు అనుమతి వచ్చింది. తెల్లమచ్చ దెబ్బ తిన్న రైతులకు ఆ జాగ్రత్త ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

సీటు ఖాళీగా ఉన్నంత మాత్రాన అథారిటీ చేసిన పని చెల్లకుండా పోదని చట్టం ఆఫీసుకు వెసులుబాటు ఇచ్చింది. రైతుకు మాత్రం రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు అని రాసింది. ఆ జైలుశిక్షను తీసేసి జరిమానాతో సరిపెట్టింది 2023 సవరణలో.