కమర్షియల్ మీటర్ ఉంది కదా అని అడ్వాన్స్ ఇచ్చేయకండి

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "అక్కా, కార్పొరేషన్ వాళ్లు షట్టర్‌కి నోటీసు అంటించి పోయారు. మూసెయ్యమంటున్నారు" అంది అవతల ఆవిడ. గొంతు వణుకుతోంది. నెల్లూరు వైపు నుంచి వచ్చి, భర్తతో కలిసి బెంగళూరు బీటీఎం లేఅవుట్ దగ్గర ఒక లోపలి వీధిలో మెస్ పెట్టుకున్నారు. తెరిచి మూడు నెలలు కూడా కాలేదు. పది నెలల అద్దె అడ్వాన్స్, అంటే 4,50,000. పొయ్యిలు, చిమ్నీ, టేబుళ్లు, బోర్డు, అన్నీ కలిపి ఇంకో 9 లక్షలు. అందులో సగం ఊళ్లో పొలం మీద తెచ్చిన అప్పు.

నేనింకా ఏమీ అడగకముందే ఆవిడే అంది: "మీటర్ కమర్షియలే అక్కా. ఓనర్ చూపించాడు. ఇంటి పన్ను కూడా కమర్షియలే కడుతున్నాడు."

బెంగళూరులో ప్లాన్లు, లైసెన్సుల పని మొదలుపెట్టి నాకు 16 ఏళ్లు. ఈ మాట విని విని విసుగొచ్చింది. ఆవిడ మీద కాదు. ఆ మాట ఆవిడకి చెప్పినవాళ్ల మీద.

అపోహ: కరెంటు మీటర్, ఆస్తి పన్ను కమర్షియల్‌గా ఉంటే ఆ చోటు కమర్షియల్ అయినట్టే.

వాస్తవం: కాదు. కరెంటు వాళ్లు చూసేది మీరు కరెంటును దేనికి వాడుతున్నారని మాత్రమే. ఇంటి మీటర్ మీద హోటల్ నడిపితే ఫైన్ వేస్తారు కాబట్టి ఓనర్ మీటర్ మార్పించుకుంటాడు. ఊళ్లో ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే మాస్టర్ ప్లాన్ దగ్గరికి ఆ కాగితం పోనే పోదు. పన్నుదీ అదే కథ. ఇంట్లో షాపు నడుస్తుంటే షాపు లెక్కన పన్ను వసూలు చేస్తారు. డబ్బు తీసుకున్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అని చట్టంలో ఎక్కడా లేదు. ఈ రెండు కాగితాలూ ఇప్పుడు ఆ చోటును ఎలా వాడుతున్నారో చెబుతాయి. ఎలా వాడొచ్చో చెప్పేది జోనింగ్ ఒక్కటే, అంటే ఇక్కడ ఇళ్లు, ఇక్కడ వ్యాపారం అని మాస్టర్ ప్లాన్ చేసే విభజన. గొడవ వచ్చిన రోజున ఆ పన్ను రసీదులే, ఇంటి స్థలాన్ని వ్యాపారానికి వాడారనడానికి సాక్ష్యంగా మీ ముందు పెడతారు. ఇది నా కళ్లతో చూశాను.

బెంగళూరుకి ఇప్పటికీ లెక్క రివైజ్డ్ మాస్టర్ ప్లాన్ 2015. ఆమోదం పొందింది 2007లో. పేరులో 2015 ఉంది కాబట్టి గడువు అయిపోయిందని కొందరు ఏజెంట్లు ధైర్యంగా చెబుతారు. 2031కి వేసిన డ్రాఫ్టును 2017లో బయటపెట్టి 2020లో వెనక్కి తీసుకున్నారు. దాని చోట కొత్తది అమల్లోకి రానంతవరకు పాతదే నడుస్తుంది. 2025 సెప్టెంబర్‌లో పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. దాంతో జోనింగ్ కూడా మొత్తం మారిపోయిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆఫీసు బోర్డు మారినంత మాత్రాన మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లో మీ సైటు రంగు, అంటే జోన్, మారదు.

ఆ ప్లాన్‌లో మామూలు రెసిడెన్షియల్ జోన్‌లో చాలా వ్యాపారాలకి రోడ్డు కనీసం 40 అడుగులు, అంటే 12 మీటర్లు ఉండాలి. ఇందిరానగర్, కోరమంగలలో పబ్బులకీ హోటళ్లకీ అన్నేళ్లు నోటీసులు వెళ్లింది, కాలనీవాళ్లు కోర్టులకెక్కింది ఎక్కువగా ఈ విషయం మీదే. మెస్ ఆవిడ వీధి 30 అడుగులు. ఆ వీధిలో ఎవరైనా ఒక్క ఫిర్యాదు రాస్తే చాలు. రాశారు, పొగ వాసన వస్తోందని.

"మరి ట్రేడ్ లైసెన్స్ ఇచ్చారు కదా" అని అడుగుతారు. కొన్నిసార్లు ఆన్‌లైన్‌లో మీరు టిక్ పెట్టినదాన్ని నమ్మి ఇచ్చేస్తారు. తర్వాత తప్పని తేలితే రద్దు చేస్తారు, అప్పుడు అబద్ధం చెప్పింది మీరే అవుతారు. పైగా ఇప్పుడు ఇంకో సంగతి ఉంది. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, అనుమతి లేని కట్టడంలో ఏ వ్యాపారానికీ ఏ సంస్థా లైసెన్స్ ఇవ్వకూడదని స్పష్టంగా చెప్పింది. అధికారులు ఇదివరకు చూసీ చూడనట్టు వదిలేసినవి ఇప్పుడు వదలడానికి భయపడుతున్నారు.

మిగతావి గబగబా చెబుతాను. జీఎస్టీ నంబర్, ఉద్యమ్ సర్టిఫికెట్, షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్, ఇవేవీ ఆ చోట వ్యాపారం చేయడానికి అనుమతులు కావు. ఎఫ్ఎస్ఎస్ఏఐ చూసేది తిండి శుభ్రతను, వీధి వెడల్పును కాదు. ఆస్తికి 'ఎ-ఖాతా' ఉన్నా 'బి-ఖాతా' ఉన్నా అది పన్ను రిజిస్టర్‌లో పేరు మాత్రమే. "పక్కన పదేళ్లుగా బేకరీ నడుస్తోంది" అంటారు. ఆ బేకరీకి రేపు నోటీసు రాదని ఎవరు చెప్పారు? పీజీ హాస్టళ్లు పెట్టే మనవాళ్లు ఈ ఊళ్లో చాలామంది. వాళ్లకి 2024 ఆగస్టు నుంచి ఒక్కొక్కరికి కనీసం 70 చదరపు అడుగులు ఉండాలన్న రూల్ కూడా ఉంది. ఒక గదిలో నాలుగు మంచాలు ఇరికించి లెక్క వేసుకున్నవాళ్లు ఆ లెక్క మళ్లీ వేసుకోవాలి.

డీసీ (డిప్యూటీ కమిషనర్, అంటే మన కలెక్టర్) కన్వర్షన్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. వైట్‌ఫీల్డ్ అవతల, సర్జాపూర్ వైపు స్థలాలు తీసుకునేవాళ్లు ఇక్కడే పడిపోతారు. డీసీ కన్వర్షన్ అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చడం. అది రెవెన్యూ చట్టం కింద జరుగుతుంది. మాస్టర్ ప్లాన్‌లో ఇంటి జోన్‌ను వాణిజ్య జోన్‌గా మార్చడం వేరే పని, దానికి టౌన్ ప్లానింగ్ చట్టం. ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, ఫీజు కట్టాలి. అద్దెకి ఉన్న మనిషి నెల రోజుల్లో చేయించుకోగలిగింది కాదు. "కన్వర్షన్ అయిపోయింది" అని ఎవరైనా అంటే, ఏ కన్వర్షన్, ఏ అవసరానికి అని అడగండి. ఆ ఆర్డర్‌లోనే నివాసానికా, వాణిజ్యానికా అని రాసి ఉంటుంది.

అనవసరంగా భయపడేవాళ్లూ ఉన్నారు. మొన్న చిత్తూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, మొబైల్ రిపేర్ షాపు పెట్టుకోవాలని చోటు చూసుకుని, టేప్ పెట్టి కొలిస్తే తారు రోడ్డు 27 అడుగులే వచ్చిందని రెండు రోజులు నిద్రపోలేదు. నేను వెళ్లి చూశాను. రోడ్డు వెడల్పు అంటే తారు మాత్రమే కాదు నాయనా, రెండు వైపులా కాలువలు, ఫుట్‌పాత్ కలిపి ఇటు స్థలం హద్దు నుంచి అటు స్థలం హద్దు దాకా కొలవాలి అని చెప్పాను. ఆ లేఅవుట్ ప్లాన్ తెప్పించి చూస్తే 40 అడుగులే. అతని టెన్షన్ అక్కడితో పోయింది. అలాగే సొంత ఇంట్లో ఒక గదిలో కూర్చుని పని చేసుకునే డాక్టరో, లాయరో, అకౌంటెంటో ఈ నోటీసుల కథలు చదివి బెదిరిపోనక్కర్లేదు. ఇంట్లో కొంత భాగం వరకు అలాంటి వృత్తులకి చోటు ఉంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏం చేయాలో ఆవిడకి చెప్పినట్టే చెబుతాను. ఓనర్ దగ్గర సర్వే నంబర్ తీసుకోండి, ఆయన ఇవ్వకపోతే సర్వే నంబర్ చూపించే ప్రభుత్వ యాప్ దిశాంక్‌లో ఆ చోట నిలబడి చూసుకోండి. ఆ ఏరియా మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లో అది పసుపా, నీలమా చూడండి. పసుపు నివాసం, నీలం వాణిజ్యం. అర్థం కాకపోతే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టండి. కొన్ని రోజులు పడుతుంది, పట్టనివ్వండి. శాంక్షన్ అయిన బిల్డింగ్ ప్లాన్ కాపీ, ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అడగండి. ప్లాన్‌లో కార్ పార్కింగ్ అని ఉన్న చోట షాపు కట్టి అద్దెకిచ్చేవాళ్లు తక్కువేం లేరు. రోడ్డు కొలవండి, హద్దు నుంచి హద్దుకి.

మెస్ ఆవిడ విషయంలో నేను చేయగలిగింది తక్కువ. నోటీసుకి జవాబు రాసి, సామాను దించుకోవడానికి నెల రోజులు గడువు తెచ్చుకున్నాం. ఓనర్ అడ్వాన్స్‌లో సగమే తిరిగి ఇచ్చాడు. అగ్రిమెంట్‌లో మూడేళ్ల లాకిన్, అంటే అంతవరకు ఖాళీ చేయకూడదన్న షరతు, రాసి ఉంది, జోనింగ్ గురించి ఒక్క మాట లేదు. ఇప్పుడు 60 అడుగుల రోడ్డు మీద చిన్న చోటు చూసుకున్నారు, అద్దె ఎక్కువ. ఈసారి అగ్రిమెంట్‌లో ఒక వాక్యం చేర్పించాను: ఈ చోట ఈ వ్యాపారానికి జోనింగ్ ప్రకారం అనుమతి లేదని తేలితే, లాకిన్‌తో సంబంధం లేకుండా అడ్వాన్స్ మొత్తం 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఓనర్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆ రాత్రి ఆవిడ మళ్లీ ఫోన్ చేసి, మొదటి ఓనర్ కూడా అడిగితే ఇలాగే పెట్టేవాడేమో కదక్కా అంది.