బస్టాండ్ మీది మడిగెలు: వరంగల్ లొల్లికి మూలం ఆర్మూరులో ఉంది

వరంగల్ రైల్వే స్టేషన్ ఎదురుగా పాత బస్టాండ్ కూల్చిన జాగా గురించి మళ్లీ మాట మొదలైంది. ఈసారి బస్సుల గురించి కాదు, పైన వచ్చే మడిగెల గురించి. కింద ప్లాట్‌ఫారాలు, పైన దుకాణాలు, ఆఫీసులు అనేది ప్లాన్. ఆ పై అంతస్తులను ఒక్కో మడిగె చొప్పున వేలం వేసి నేరుగా వ్యాపారులకు ఇస్తారా, లేక మొత్తం గంపగుత్తగా ఒక సంస్థకు అప్పజెప్పి, వాళ్ల దగ్గర కిరాయికి తీసుకోండి అంటారా? స్టేషన్ రోడ్డు మీద, చౌరస్తాలో చిన్న దుకాణాలవాళ్ల టెన్షన్ అంతా ఇదే. 2023 జూన్‌లో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ శంకుస్థాపన చేసింది, రూ.75 కోట్ల అంచనా, కట్టే బాధ్యత కుడాది (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థది) కావడం, పని నత్తనడక నడవడం, గుంతలో వాన నీళ్లు నిలవడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఈ గొడవకు అసలు మలుపు ఆ శంకుస్థాపన కాదు, 2023 డిసెంబర్. ఆ ఒక్క నెలలో జరిగిన రెండు సంగతులు చూస్తే ఇప్పుడు ఎవరు దేనికి భయపడుతున్నారో తెలుస్తుంది.

మొదటిది చిన్న ముచ్చట. డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. బస్సులు కిక్కిరిసిపోయాయని, సీట్లు దొరకడం లేదని చాలా మాట్లాడుకున్నాం. కానీ బస్టాండ్ పక్కన దుకాణం నడిపేవాళ్లు చూసింది వేరు. నర్సంపేట నుంచో తొర్రూరు నుంచో గాజులకు, జాకెట్ ముక్కకు, పిల్ల స్కూలు బ్యాగుకు వరంగల్ రావాలంటే ఒకప్పుడు రానూపోనూ చార్జీ లెక్కేసుకుని ఆగేవాళ్లు ఇప్పుడు ఆగడం లేదు. బస్టాండ్‌లో మడిగె విలువ అంటే దాని ముందు నుంచి ఎంతమంది నడుస్తారన్నదే. అంటే శంకుస్థాపన రోజు వేసుకున్న కిరాయి లెక్కలు ఆరు నెలలు తిరక్కుండానే పాతబడ్డాయి, ఆ జాగా మీద పెద్దవాళ్ల కన్ను పడటానికి ఇదొక కారణం.

రెండోది ఆర్మూరు. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు బస్టాండ్ దగ్గర ఆర్టీసీకి చెందిన 7,059 చదరపు గజాల జాగాను 2013లో, ఉమ్మడి రాష్ట్రంలోనే, 33 ఏళ్ల లీజుకు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. కట్టుకో, నడుపుకో, గడువు తీరాక అప్పగించు అనే పద్ధతి. తర్వాత ఆ సంస్థ అప్పటి స్థానిక ఎమ్మెల్యే కుటుంబం చేతికి వచ్చింది. షాపింగ్ మాల్ లేచింది, సినిమా హాళ్లు వచ్చాయి, పెద్ద దుకాణాలు, చిన్న దుకాణాలు కిరాయికి దిగాయి. ఆర్టీసీకి కట్టాల్సిన అద్దె మాత్రం పేరుకుపోతూ వచ్చింది. ఎన్నికల్లో ప్రభుత్వం మారాక, 2023 డిసెంబర్‌లో ఆర్టీసీ గట్టిగా కదిలింది, బకాయి ఏడు కోట్లు దాటిందని నోటీసు ఇచ్చింది. కరెంటు బిల్లు బాకీ కూడా రెండు కోట్లకు పైగా ఉందని అదే నెలలో కరెంటు కట్ చేశారు. 2024 మే నెలలో ఆర్టీసీ అధికారులు వచ్చి మాల్‌ను స్వాధీనం చేసుకున్నారు. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది.

వార్తల్లో ఇది రాజకీయ కథగానే నడిచింది. ఎవరి మాల్, ఎన్ని కోట్లు, ఏ పార్టీ అని రోజుల తరబడి చర్చ. ఆ మాల్ లోపల కిరాయికి ఉన్నవాళ్ల గురించి మాట్లాడింది తక్కువ, నా దృష్టిలో అసలు కథ వాళ్లది. వాళ్లు కిరాయి ఎవరికి కట్టాలో వాళ్లకు కట్టుకుంటున్నారు. ఆర్టీసీతో వాళ్లకు ఏ ఒప్పందమూ లేదు, ఆర్టీసీకి ఎంత బాకీ ఉందో వాళ్లకు చెప్పాల్సిన పని కూడా ఎవరికీ లేదు. నెలనెలా కిరాయి సక్రమంగా కట్టినా, పైన ఉన్నవాడు తన పైవాడికి కట్టలేదు కాబట్టి కింద షటర్ పడుతుంది. ఇంటీరియర్‌కు పెట్టిన డబ్బు, ఇచ్చిన అడ్వాన్స్, తెచ్చిన సరుకు, పనిలో పెట్టుకున్న పిల్లల జీతాలు, అన్నీ ఒక్క నోటీసుతో గాల్లో ఉన్నట్టే.

ఇది ఆర్మూరు మాల్ ఖర్మ అనుకుంటే పొరపాటు, చట్టంలోనే అట్లా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 115వ సెక్షన్ చదవండి, చిన్నదే. పెద్ద లీజుదారు తనంతట తాను లీజు వదులుకుంటే కింద ఉన్న సబ్‌లీజులకు, అంటే అతను మళ్లీ వేరేవాళ్లకు ఇచ్చిన లీజులకు, ఏమీ కాదు. కానీ షరతు తప్పినందుకు యజమాని ఆ పెద్ద లీజును రద్దు చేస్తే దానితో పాటు కింది సబ్‌లీజులన్నీ రద్దవుతాయి. యజమాని మోసంతో అట్లా చేయించి ఉండాలి, లేదంటే 114వ సెక్షన్ కింద బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టి పెద్ద లీజుదారు కోర్టు నుంచి ఊరట తెచ్చుకోవాలి. ఈ రెండు సందర్భాల్లో తప్ప మడిగెలో ఉన్నవాడికి దారి లేదు. అంటే తన దుకాణం నిలవాలంటే, తనకు ఏ సంబంధమూ లేని బాకీని వేరేవాడు కట్టేదాకా ఎదురుచూడాలి.

ఇప్పుడు వరంగల్‌కు వద్దాం. ఇక్కడ జాగా ఆర్టీసీది, కట్టేది కుడా. అంటే మొదటి ఇటుక పెట్టకముందే పైన రెండు సంస్థలు ఉన్నాయి, వాటి మధ్య వాటాల ఒప్పందం ఉంటుంది. దాని కింద గంపగుత్త తీసుకునే సంస్థ ఒకటి వచ్చి చేరితే, పూలు అమ్ముకునే ఆమెకు, మొబైల్ కవర్లు అమ్మే పిల్లాడికి పైన మూడు మెట్లు ఉంటాయి. ఆర్మూరులో రెండు మెట్లు ఉంటేనే అంత జరిగింది.

పాత బస్టాండ్‌లో స్టాళ్లు నడిపినవాళ్లు మాకే మొదటి హక్కు ఇవ్వాలని అడగడం న్యాయమే, కానీ కాగితం మీద వాళ్ల చేతిలో ఉన్నది బలహీనమైనది. ఆర్టీసీ స్టాళ్లు సాధారణంగా టెండర్ పెట్టి లైసెన్సు మీద ఇస్తుంది, లీజు మీద కాదు. లైసెన్సు అంటే ఆ చోట వ్యాపారం చేసుకోవడానికి అనుమతి, అంతే, ఆ చోటు మీద హక్కు పుట్టదు. పేరు ఏం పెట్టినా లోపల నిజంగా ఇచ్చిందేమిటో చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది, కానీ బస్టాండ్ స్టాల్‌కు ఇది నిజానికి లీజే అన్న వాదన నిలబెట్టుకోవడం తేలిక కాదు. ఇందులో వాళ్ల గోడు ఇంకొకటి ఉంది. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మె యాభై రోజులు దాటింది. ఊపిరి తీసుకునేలోపే 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది, మళ్లీ బస్సులు మే 19న గానీ కదల్లేదు. బస్సు లేని బస్టాండ్‌లో గిరాకీ ఎక్కడిది? ఆ రోజులన్నీ ఓర్చుకుని నిలబడ్డవాళ్లు, ఇప్పుడు మంచి రోజులు వస్తుంటే మమ్మల్ని లైన్ చివర నిలబెడతారా అని అడుగుతున్నారు.

అధికారుల వైపు వాదన కూడా ఉంది, కొట్టిపారేయలేం. కోట్లు పెట్టి కట్టిన భవనానికి నెలనెలా ఆదాయం గ్యారంటీగా రావాలి, వందమంది దగ్గర వసూలు చేయడం కన్నా ఒక్కరి దగ్గర వసూలు చేయడం సులువు, పై అంతస్తులు ఖాళీగా పడి ఉంటే ఆ నష్టం మొత్తం గంపగుత్తకు తీసుకున్న గుత్తేదారుదే అవుతుంది. ఇంకా, మున్సిపల్ మడిగెల అనుభవం వాళ్ల ముందుంది. పేరు ఒకరిది, దుకాణం ఇంకొకరిది, మున్సిపాలిటీకి కట్టేది వేలల్లో ఉంటే మడిగె వదిలేందుకు చాటుగా చేతులు మారే పగిడీ లక్షల్లో ఉంటుంది. ఇది ప్రతి ఊళ్లో తెలిసిన సంగతే. కాకపోతే వసూలు సులువని చెప్పే వాదన ఆర్మూరు దగ్గర చతికిలబడింది. ఒక్కరి దగ్గరే వసూలు చేయాల్సి ఉండీ ఏడు కోట్లు ఎట్లా పేరుకున్నాయి? వంద చిన్న మడిగెల్లో పదిమంది ఎగ్గొడితే పది తాళాలు పడతాయి, తొంభై నడుస్తాయి.

మున్సిపల్ మడిగెలకు ఒక లెక్క ఉంది, దాన్ని చాలామంది తిట్టుకుంటారు గానీ కనీసం అది కంటికి కనిపించే లెక్క. 2011లో వచ్చిన జీవో 56 ప్రకారం మూడేళ్లకోసారి కిరాయి 33 1/3 శాతం పెరగాలి, లేదా మార్కెట్ కిరాయి కట్టాలి, ఏది ఎక్కువైతే అది. ఇట్లా 25 ఏళ్ల దాకా పొడిగించుకోవచ్చు, ఆ తర్వాత బహిరంగ వేలం. 6,000 కిరాయితో మొదలైన మడిగె మూడేళ్లకు 8,000, ఆరేళ్లకు 10,667, ఎనిమిదో పెంపు దాకా పోతే దాదాపు 60,000. పదింతలు! తక్కువేం కాదు. అయినా దుకాణం పెట్టేనాడే పదేళ్ల తర్వాత కనీసం ఎంత కట్టాలో కాగితం మీద లెక్కేసుకోవచ్చు, కుదరదనుకుంటే దిగకుండా ఉండొచ్చు. గుత్తేదారు కింద కిరాయికి దిగితే ఆ లెక్క జీవోలో ఉండదు, అతను రాసిచ్చిన అగ్రిమెంటులో ఉంటుంది, అది పదకొండు నెలలదైతే పన్నెండో నెల ఏమవుతుందో చెప్పేవాళ్లు ఉండరు.

అగ్రిమెంటులో చిన్న అక్షరాలు కూడా చూడాలి. పది అడుగులు వెడల్పు, పన్నెండు లోతు ఉన్న షటర్ తీసుకున్నారనుకుందాం. టేపు పెట్టి కొలిస్తే 120 చదరపు అడుగులు. సూపర్ బిల్టప్ పేరుతో మెట్లు, వరండా, లిఫ్టు, టాయిలెట్ల వాటా 40 శాతం కలిపితే కాగితం మీద 168 అవుతుంది. అడుగుకు 60 రూపాయలు మాట్లాడుకుంటే 7,200 అనుకున్నది 10,080 అయింది. దాని మీద మెయింటెనెన్స్ వేరే, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ వేరే. పెద్ద బ్రాండ్లు ఆ జీఎస్టీని తమ పన్నులో సర్దుకుంటాయి. తెలంగాణలో ఏడాదికి 20 లక్షల టర్నోవర్ లోపు ఉండి రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు, టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, వాళ్ల జేబులోంచే పోతుంది. ఒకే అంతస్తు మీద పక్కపక్క దుకాణాల్లో అసలు కిరాయి ఎక్కువ పడేది చిన్నవాడికే.

మెయింటెనెన్స్ గురించి ఇంకో మాట, ఇది డబ్బు గురించి కాదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచినప్పుడు ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, మన వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి పనికోసం పోయినవాళ్లు. అనేకమంది యజమానులు, ఇంకా ఎక్కువమంది కిరాయిదారులు ఉన్న పాత కాంప్లెక్స్ అది. కింద డీజిల్ బస్సులు, పైన బట్టల దుకాణాలు, ఆ పైన కోచింగ్ సెంటర్లో ఆఫీసులో వచ్చే భవనంలో మెట్ల దారి ఖాళీగా ఉంచడం, నీళ్ల పంపు పనిచేస్తుందో లేదో చూడటం ఆర్టీసీ పనా, కుడా పనా, గుత్తేదారు పనా అన్నది టెండర్ కాగితంలోనే పేరుతో సహా రాసి ఉండాలి.

పూర్తికాని భవనంలో షటర్ ఇప్పిస్తామని ఎవరైనా ముందే అడ్వాన్స్ అడిగితే ఒకటి గుర్తుంచుకోవాలి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కిందికి దుకాణాలూ వస్తాయి, కానీ అది కొనేవాళ్ల కోసం పెట్టిన చట్టం. మామూలు కిరాయికి తీసుకునేవాడికి అక్కడ రక్షణ లేదు, ఇచ్చిన డబ్బు కోసం సివిల్ కోర్టు చుట్టూ తిరగాల్సిందే.

పాత స్టాళ్లవాళ్లకు మొదటి హక్కు అన్న డిమాండ్ మీద అందరూ వాదించుకుంటున్నారు, నాకైతే అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందనిపిస్తోంది. ప్లాట్‌ఫారాల పైన వచ్చే మొదటి రెండు అంతస్తుల చిన్న మడిగెలను గుత్తలో కలపకుండా నేరుగా వేలం వేయాలి. అంతా గుత్తకే ఇవ్వాలని నిర్ణయిస్తే, పెద్ద లీజు రద్దయినా సక్రమంగా కిరాయి కడుతున్నవాళ్లు అవే షరతుల మీద నేరుగా జాగా యజమాని కిరాయిదారులుగా కొనసాగుతారని మూడు పక్షాల ఒప్పందం రాయించుకోవాలి. ఆ ఒక్క షరతు ఉంటే 115వ సెక్షన్ దెబ్బ మడిగె దాకా రాదు. ఏడాదికి మించిన లీజు ఏదైనా రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది, ఆ ఖర్చుకు వెనకాడొద్దు. గుత్తేదారు పై సంస్థలకు ఎంత కట్టాడు, ఎంత బాకీ ఉన్నాడు అన్నది మూడు నెలలకోసారి ఆ భవనం గోడ మీదే అంటించాలని కూడా టెండర్‌లో పెట్టమని అడగాలి. ఇవన్నీ టెండర్ పిలిచే ముందు అడిగితేనే పనికొస్తాయి, సంతకాలు అయ్యాక ఒప్పందం మార్చమంటే గుత్తేదారే కోర్టుకు పోతాడు.