మంచు కరిగింది కదా, గ్రీన్లు ఇంకా ఎందుకు తెరవలేదు?

జనవరి వచ్చిందంటే ఉదయం పది గంటల వేళ నా ఫోను మోగుతుంది. "తమ్ముడూ, ఎండ బ్రహ్మాండంగా కాస్తోంది. మా ఇంటి ముందు గడ్డి పచ్చగా ఉంది. ఇంకా తాత్కాలిక గ్రీన్ల మీదే ఆడిస్తున్నారెందుకు?" అని అడిగేది గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే వైద్యం చేస్తున్న ఒక డాక్టరు గారు. ఆయన ఒక్కరే కాదు. ఉత్తర ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లోని ఒక గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్‌కీపర్‌గా, అంటే ఆట మైదానం (కోర్సు) గడ్డిని చూసుకునేవాడిగా, ఇది నాకు పదకొండో చలికాలం. ఈ ప్రశ్న వినకుండా గడిచిన ఫ్రాస్ట్ రోజు (రాత్రి చలికి గడ్డి మీద తెల్లటి గడ్డ పొర పేరుకున్న రోజు) ఒక్కటీ లేదు. గ్రీన్ అంటే బంతిని దించే రంధ్రం చుట్టూ గడ్డిని చాలా పొట్టిగా కోసి ఉంచే చోటు. అది మూసిన రోజుల్లో బదులుగా వాడేది తాత్కాలిక గ్రీన్.

బాపట్లలో వ్యవసాయం చదివి వచ్చినవాణ్ని కాబట్టి క్లబ్బులోని తెలుగువాళ్లు తమ సందేహాలన్నీ నా దగ్గరికే తెస్తారు. అది నాకు సంతోషమే. కానీ గాలి కబుర్లు విన్నప్పుడు ఓపిక నశిస్తుంది. "చలికి పనివాళ్లు బయటికి రాలేక కోర్సు మూసేశారు" అని పోయిన వారం మన వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. ఆ రోజు మేము ఆరున్నరకే టార్చిలైట్లు పట్టుకుని కోర్సు మీద తిరుగుతున్నాం. ఇక్కడ జనవరిలో ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు.

అపోహ: గడ్డి మీద తెల్లదనం పోయిందంటే గ్రీన్ ఆటకు సిద్ధమైనట్టే.

వాస్తవం: అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి, ఎందుకంటే క్లబ్బుకు ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే.

మన భాషలో పొగమంచూ మంచే, ఆకుల మీది నీటి బొట్టూ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. ఫ్రాస్ట్ ఇవేవీ కాదు. డిసెంబరులో లంబసింగి వెళ్లి తెల్లవారుజామున గడ్డి మీద సన్నని తెల్లటి పొరను చూసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. ఆ వేళ గడ్డిపరక లోపలి నీరు కూడా గడ్డకట్టి ఉంటుంది. దాని మీద కాలు వేస్తే పరకలోని కణాలు చిట్లుతాయి. రెండు రోజుల తరువాత అడుగుల ఆకారంలోనే నల్లటి మచ్చలు తేలుతాయి. ఇది కంటికి కనిపించే నష్టం, అందరూ దీనికే భయపడతారు. కానీ పోయేది ఆకు మాత్రమే. వేరు బాగుంటే, నేల వేడెక్కగానే కొత్త ఆకు వస్తుంది.

కంటికి కనిపించని నష్టం వేరే ఉంది. నాలుగైదు రాత్రులు వరసగా సున్నా కంటే కిందికి దిగితే నేల రెండు మూడు అంగుళాల లోతు వరకు గట్టిపడిపోతుంది. పొద్దెక్కాక ఎండ పై పొరను మాత్రమే కరిగిస్తుంది. పైన అర అంగుళం మెత్తటి బురద, కింద బండరాయి. కరిగిన నీరు కిందికి ఇంకే దారి లేదు. పైపొరలోని వేరు వదులుగా ఉంటుంది, అదే వేరు కింది భాగం గడ్డలో బిగుసుకుని ఉంటుంది. అలాంటి గ్రీన్ మీద మనిషి నడిచి, రంధ్రం దగ్గర కాలు తిప్పి నిలబడితే, నున్నటి గచ్చు మీద తడి గోనెసంచి జారినట్టు పైపొర పక్కకు జారుతుంది. రెండు పొరలు కలిసే చోట వేళ్లు పుటుక్కుమని తెగిపోతాయి. పైకి మాత్రం గడ్డి పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది.

వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ఒక్క మాటతో చెప్పొచ్చు: నేల పదునుకు రాలేదు. పదును లేని పొలంలో అరక కట్టరు. ఎండ కాస్తోందని, ఎద్దులు సిద్ధంగా ఉన్నాయని మన తాతలు పొలంలోకి దిగలేదు. మట్టి పిడికిట్లోకి తీసుకుని చూశాకే దిగారు. మేము చేసేదీ అదే, కాకపోతే చిన్న కత్తితో చూస్తాం.

ఒకసారి డాక్టరు గారిని నాతో పాటు ఏడో గ్రీన్ దగ్గరికి తీసుకెళ్లాను. చెట్ల నీడలో ఉండే ఆ గ్రీన్ అన్నిటికంటే ఆలస్యంగా కరుగుతుంది. కత్తి ఆయన చేతికే ఇచ్చాను. మొన గోరు లోతు వరకు వెన్నలోకి దిగినట్టు దిగింది. ఆ తరువాత టక్కుమని ఆగిపోయింది. ఆయన మరో చోట గుచ్చారు, అక్కడా అంతే. మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో గడ్డిని మెల్లగా తోశారు. పైపొర చేతి కింద కదిలింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఫోను చేస్తే "కత్తి ఎంత దిగింది తమ్ముడూ?" అనే అడుగుతారు. దయచేసి మీరూ అదే అడగండి. దానికి నా దగ్గర సరైన జవాబు ఉంటుంది.

తొందరపడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఇంతకుముందు పనిచేసిన చోట ఒక ఫిబ్రవరిలో వేరే క్లబ్బు జట్టుతో మ్యాచ్ ఉంది. దూరం నుంచి వచ్చినవాళ్లను తాత్కాలిక గ్రీన్ల మీద ఆడించడం మర్యాద కాదని పెద్దలు పట్టుబట్టారు. కత్తి అర అంగుళమే దిగుతోందని మేము చెప్పినా, పదిన్నరకు అసలు గ్రీన్లు తెరిచారు. సాయంత్రం చూస్తే ఒక్క మచ్చ లేదు. "చూశారా, ఏమీ కాలేదు" అన్నారు. ఏప్రిల్‌లో కోర్సంతా చిగురు వేస్తుంటే, ఆ రోజు రంధ్రాలు ఉన్న చోట్ల, గ్రీన్ దిగి తరువాతి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) వైపు నడిచే దారిలో గడ్డి పాలిపోయి నిలబడిపోయింది. రంధ్రం కోసే పనిముట్టుతో ఒక మట్టి కడ్డీ తీసి చూశాను. పక్కన బాగున్న చోట వేళ్లు తెల్లగా మూడు అంగుళాలు ఉన్నాయి. ఇక్కడ అర అంగుళం. ఆ చోట్లు పూడేసరికి జూన్ వచ్చింది. వసంతకాలపు పోటీలన్నీ బంతి గెంతుతూ పోయే గ్రీన్ల మీదే జరిగాయి. ఒక్క పూట ఆటకు అంత మూల్యం.

నేల ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల కంటే తగ్గితే ఈ గడ్డి దాదాపు పెరగడం మానేస్తుంది. జూన్‌లో వారంలో మానే గాయం జనవరిలో తగిలితే అలాగే ఉండిపోతుంది. సెలవులకు హైదరాబాద్ వెళ్లి, గోల్కొండ నయా ఖిల్లా దగ్గరి కోర్సులో హాయిగా ఆడి వచ్చినవాళ్లు "అక్కడ చలికాలమే అసలైన సీజను కదా" అంటారు. నిజమే, ఆటగాడికి అక్కడ డిసెంబరు స్వర్గం. కానీ అక్కడిది వేడిని కోరే బెర్ముడా గడ్డి, నేల ఎన్నడూ గడ్డకట్టదు. ఇక్కడివి బెంట్, ఫెస్క్యూ, పోవా అన్యువా అనే చల్లటి ప్రాంతాల గడ్డి రకాలు. రెండు చోట్లకూ ఒకే లెక్క కుదరదు.

తెలియక తొక్కినవాళ్లకు ఒక మాట. పోయిన డిసెంబరులో కొత్తగా చేరిన ఒక అబ్బాయి పొరపాటున మూసిన గ్రీన్ మీదుగా నడిచి, సభ్యత్వం తీసేస్తారేమోనని వారం రోజులు క్లబ్బు ఛాయలకు రాలేదు. వాళ్ల అమ్మగారు ఫోను చేస్తే నాకు తెలిసింది. ఒక మనిషి ఒకసారి నడిస్తే గ్రీన్ చచ్చిపోదు. ఒకే దారిన, ఒకే రంధ్రం చుట్టూ అరవై మంది నడిస్తేనే సమస్య. వచ్చి చెప్పండి, ఆ చోటును గుర్తుపెట్టుకుని జాగ్రత్తగా చూసుకుంటాం. అంతే.

అపోహ: వేడినీళ్లో ఉప్పో చల్లితే త్వరగా తెరవచ్చు.

వాస్తవం: ఉప్పు గడ్డిని చంపుతుంది. నీరు కింది గడ్డ మీద నిలిచి, రాత్రికి మళ్లీ మంచుగడ్డ అవుతుంది. ఈ సలహా ఇక ఇవ్వకండి.

అపోహ: ఉదయాన్నే పొడవాటి కర్రతో గ్రీన్ మీద మంచుబొట్లు దులపడం అందం కోసం.

వాస్తవం: ఆకు తడి ఆరకపోతే మైక్రోడోకియం అనే బూజు తెగులు పట్టుకుని గుండ్రటి గోధుమరంగు మచ్చలు వస్తాయి. దానికి బాగా పనిచేసిన ఇప్రోడియోన్ మందు వాడకం ఇక్కడ 2018లోనే ఆగిపోయింది. ఇప్పుడు మాకు గాలి, వెలుతురు, ఆ కర్ర ముఖ్యం. ఏడో గ్రీన్ పక్కన చెట్ల కొమ్మలు కొడుతున్నదీ అందుకే.

అపోహ: వానపాముల మట్టి కుప్పలను కాలితో చదును చేస్తే మేలు.

వాస్తవం: తడి కుప్పను తొక్కితే గడ్డి మీద బురద పూత పూసినట్టు అవుతుంది. ఆరనివ్వండి, మేము చీపురు పడతాం.

అపోహ: గడ్డికి దెబ్బ తగలకుండా బంతిని చిన్న మ్యాట్ మీద పెట్టి ఆడటం అవమానం.

వాస్తవం: స్కాట్లండులోని ప్రఖ్యాత సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులోనే చలికాలం ఫెయిర్‌వేల (టీకీ గ్రీన్‌కీ మధ్య గడ్డి కోసిన దారి) మీద మ్యాట్లు వాడిస్తారు. మన బంకమట్టి కోర్సుకు అవమానం ఏమిటి?

అపోహ: చలికాలపు చెత్త స్కోర్లు హ్యాండిక్యాప్‌ను (ఆటగాడి స్థాయిని చెప్పే అంకెను) పాడుచేస్తాయి.

వాస్తవం: దీని గురించి నిద్ర పాడుచేసుకునేవాళ్లు ఉన్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 2020 నవంబరులో ఇక్కడికి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో చివరి 20 స్కోర్లలో ఉత్తమమైన 8 మాత్రమే లెక్కలోకి వస్తాయి. చేతులు కొంకర్లు పోయిన రోజున వచ్చిన స్కోరు ఆ ఎనిమిదిలో ఎలాగూ ఉండదు. ఫెయిర్‌వే ఎత్తుకు కోసిన చోట బంతిని ఎత్తి, తుడిచి, కమిటీ చెప్పిన దూరంలో పెట్టుకునే స్థానిక నియమం అమల్లో ఉన్నా స్కోరు చెల్లుతుంది. ఇంకొకటి: ఆకాశం నుంచి సహజంగా పడిన మంచును (స్నో) చేత్తో తీసేయవచ్చు కానీ, నియమాల ప్రకారం ఫ్రాస్టునూ మంచుబొట్లనూ అలా తీసేసే హక్కు లేదు. పోటీలో బంతి వెనక తుడిచి శిక్ష పడినవాళ్లు ఉన్నారు.

అపోహ: చలికాలపు పోటీలు పాత సభ్యులవి, కొత్తవాళ్లకు చోటు లేదు.

వాస్తవం: కొత్తవాళ్లకు వీటికంటే మంచి దారి లేదు. ఈ నెలాఖరు ఆదివారం టెక్సస్ స్క్రాంబుల్ ఉంది. నలుగురూ కొడతారు, అందులో మంచి దెబ్బ దగ్గరి నుంచి మళ్లీ నలుగురూ కొడతారు. మీ దెబ్బ పొదల్లోకి పోయినా జట్టుకు నష్టం లేదు, హ్యాండిక్యాప్‌కు ఎక్కదు. నేల గట్టిగా ఉంటే తాత్కాలిక గ్రీన్లు, వాటి మీద పెద్ద రంధ్రాలు. మామూలు రంధ్రం 108 మిల్లీమీటర్లే, ఇవి అంతకు దాదాపు రెట్టింపు, కాబట్టి పిల్లలకు భలే సరదా. అందరూ ఒకేసారి వేర్వేరు టీల నుంచి మొదలుపెట్టి ఒకేసారి తిరిగి వస్తారు, వేడి సూపు సిద్ధంగా ఉంటుంది. చేతులకు రెండు జతల గ్లవ్స్, ఒక పొడి తువ్వాలు తెచ్చుకోండి. పేర్లు రాసే కాగితం గురువారం వరకు నోటీసు బోర్డు మీద ఉంటుంది.