మొదటి బిడ్డ పుట్టాకే వాడాలా? రోహింగ్యా శిబిరాల్లో గర్భనిరోధకాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక బిడ్డ పుట్టకముందే గర్భనిరోధకాలు వాడితే పిల్లల సంచి ఎండిపోతుంది, ఇక పిల్లలు పుట్టరు.

బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ జిల్లా ఉఖియా శిబిరాల్లో మిడ్‌వైఫ్‌గా పనిచేసినన్నాళ్లూ నేను అన్నిటికన్నా ఎక్కువగా విన్న మాట ఇదే. అత్తలు అన్నారు, భర్తలు అన్నారు, బ్లాకు పెద్దలైన మాఝీలు అన్నారు. సెలవుకి గుంటూరు వస్తే ఇక్కడి పెళ్లి పందిట్లోనూ అదే మాట. నాకు ఒళ్లు మండేది మాత్రం చదువుకున్న నర్సులు, డాక్టర్లు కూడా "ముందు ఒక బిడ్డని కనేసి రామ్మా, అప్పుడు చూద్దాం" అని ఆ అమ్మాయిల్ని వెనక్కి పంపినప్పుడు.

వాస్తవం: మాత్రలు గానీ, సూది గానీ, చేతిలో పెట్టే ఇంప్లాంట్ గానీ, కాపర్-టీ గానీ ఎవరినీ గొడ్రాలిని చేయవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుందో పట్టిక వేసి పెట్టింది. అందులో ఇంతవరకు కాన్పు కాకపోవడం దేనికీ అడ్డంకి కాదు. వయసు సంగతి చూస్తే, రజస్వల అయిన నాటి నుంచి మాత్రలకీ ఇంప్లాంట్‌కీ ఏ ఆంక్షా లేదు. 18 లోపు వాళ్లకి సూది, 20 లోపు వాళ్లకి కాపర్-టీ రెండో వర్గంలో ఉంటాయి. అంటే ఇవ్వకూడదని కాదు, రిస్కు కన్నా మేలే ఎక్కువ, ఇవ్వొచ్చు అని. సూది వాడుతున్నంత కాలం ఎముకల సాంద్రత కాస్త తగ్గుతుంది, మానేస్తే తిరిగి పుంజుకుంటుంది. ఆ జాగ్రత్త కోసమే రెండో వర్గం.

ఈ ఒక్క అపోహ మీదే ఇంతలా ఎందుకు పడుతున్నానంటే, శిబిరంలో దీని ఖరీదు వేరు. 2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లోనే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటారు. ఇవాళ అక్కడ పది లక్షల మందికి పైగా వెదురు, టార్పాలిన్ గుడిసెల్లో బతుకుతున్నారు. సగానికి పైగా పిల్లలే. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే గడప దాటనివ్వరు. రాత్రి పూట మరుగుదొడ్డికి వెళ్లాలన్నా భయమే. ఈ పిల్లని ఎలా కాపాడుకోవాలో తెలియక, వయసు పెరిగితే కట్నం పెరుగుతుందన్న లెక్క కూడా తోడై, పదిహేను పదహారేళ్లకే పెళ్లి చేసేస్తారు. చట్టంలో 18 అని ఉంది, గుడిసెలో లేదు. ఆ పిల్లకి "ముందు ఒకరిని కను" అని చెప్పడమంటే పదహారేళ్లకే కాన్పుకి పంపడం. గుర్రపు వాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం), కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్ 20-24 ఏళ్ల వాళ్లలో కన్నా ఇరవై లోపు తల్లుల్లోనే ఎక్కువ. ఫిట్స్ మొదలైతే వానలో, బురద మెట్ల మీదుగా, వెదురు వంతెనలు దాటించి మోసుకురావాలి. చాలా సంస్థల వాళ్లు సాయంత్రానికే శిబిరం వదిలి వెళ్లిపోతారు. మొదటి ఏళ్లలో అయితే అసలు కాన్పుల్లో చాలా భాగం ఇంట్లోనే జరిగేవి.

ఈ భయం గాల్లోంచి పుట్టలేదు. శిబిరంలో ఎక్కువ మంది వాడేది మూడు నెలలకోసారి వేసే డెపో సూది. మన ప్రభుత్వాసుపత్రుల్లో 2017 నుంచి 'అంతర' పేరుతో ఉచితంగా వేస్తున్నది కూడా ఆ మందే. ఆడవాళ్లు దాన్నే ఎందుకు కోరుకుంటారో ఆ గుడిసెలు చూస్తే తెలుస్తుంది. ఒకటే గది, అందులో ఎనిమిది మంది. మాత్రల అట్ట దాచుకోవడానికి చోటుండదు. సూది అయితే ఇంట్లో ఆనవాలు ఉండదు, తేదీలు రాసే కార్డు కూడా క్లినిక్‌లోనే వదిలేసి వెళ్లొచ్చు. అయితే ఈ సూదితో మొదట్లో నెలసరి గాడి తప్పుతుంది. కొందరికి రోజుల తరబడి మరకలు కనిపిస్తాయి. ఏడాది వాడేసరికి నూటికి నలభై, యాభై మందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. మానేశాక గర్భం రావడానికి కూడా మిగతా పద్ధతుల కన్నా సగటున నాలుగైదు నెలలు ఎక్కువ పడుతుంది. ఆ నాలుగైదు నెలల్లోనే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, "చెప్పానా, సంచి ఎండిపోయింది" అన్న మాట బ్లాకంతా తిరుగుతుంది. ఆ తర్వాత ఆ అమ్మాయికి కడుపు వస్తుంది. అది మాత్రం వార్త కాదు!

ఒక అమ్మాయి ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది. పదహారేళ్లు ఉంటాయి. వేరే చోట సూది వేయించుకుంది. అది ఏం చేస్తుందో వేసినవాళ్లు చెప్పలేదు. నెల తప్పింది, అత్త సంబరపడింది. కడుపు లేదని తేలేసరికి అదే అత్త మాట్లాడటం మానేసింది. ఆ పిల్ల మా గదిలోకి వచ్చి, చున్నీ కొస నోట్లో కుక్కుకుని, "ఆపా (అక్కా), లోపల రక్తం గడ్డకట్టి ఉంటుంది కదా, బయటికి వచ్చే మందు ఇవ్వండి" అంది. రోహింగ్యా భాష చిట్టగాంగ్ యాసకి దగ్గర, అక్కడి సహోద్యోగి పక్కన కూర్చుని నాకు చెబుతోంది. ముందు గర్భ పరీక్ష చేశాం, ఒక్క గీతే వచ్చింది, అంటే గర్భం లేదు. ఆ పట్టీ తన చేతికే ఇచ్చాను. కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి చూపించాను. ప్రతి నెలా లోపలి పొర మందంగా పెరుగుతుంది, గర్భం రాకపోతే ఊడి రక్తంతో పాటు బయటికి వస్తుంది. సూది ఆ పొరని పెరగనివ్వదు. పొరే లేనప్పుడు గడ్డకట్టడానికి అక్కడ ఏముంటుంది? చాలాసేపు ఆ బొమ్మనే చూసి, "అయితే నేను బాగానే ఉన్నానా?" అంది.

తను ఒప్పుకున్నాకే అత్తని పిలిపించాను. అమ్మాయి అనుమతి లేకుండా ఇంట్లో వాళ్లకి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే. ఆమె వచ్చి కూర్చుని సూటిగా అడిగింది: "అక్కడ రఖైన్‌లో, మా మంగ్‌డాలో ఇద్దరికి మించి కనమని మాతో సంతకం పెట్టించుకున్నారు. ఇక్కడ మీరు సూదులు వేస్తున్నారు. తేడా ఏమిటి ఆపా?"

ఈ ప్రశ్నని మూఢనమ్మకం కింద కొట్టిపారేసేవాళ్లని నేను క్షమించలేను. ఆమె చెప్పింది నిజం. 1982 పౌరసత్వ చట్టంతో మయన్మార్ ప్రభుత్వం రోహింగ్యాలని పరాయివాళ్లని చేసింది. 2005 నుంచి మంగ్‌డా ప్రాంతంలో పెళ్లికి అనుమతి కావాలంటే ఇద్దరికి మించి కనమని రాసివ్వాల్సి వచ్చేది. మూడోసారి నెల తప్పిన వాళ్లు దొంగచాటుగా నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకోవాల్సి వచ్చింది. 2015లో కాన్పుకీ కాన్పుకీ మధ్య 36 నెలల ఎడం పెట్టించే అధికారం ఇస్తూ మరో చట్టం తెచ్చారు. తమ జాతిని తగ్గించడానికి ఇదంతా చేస్తున్నారని వాళ్లు అనుకున్నారంటే, వాళ్లు చూసింది అదే మరి.

నేను చెప్పింది ఇంతే: "ఖాలా (పిన్నీ), అక్కడ నిర్ణయం ఆఫీసరుది. ఇక్కడ మీ కోడలిది. వద్దంటే ఇవ్వం, తీసేయమంటే తీసేస్తాం." "ఇంప్లాంట్ పెట్టాక రేపే వచ్చి తీయమంటే?" "రేపే తీస్తాం, ఎందుకని కూడా అడగం." ఆ పిల్ల చివరికి ఇంప్లాంట్ ఎంచుకుంది. అగ్గిపుల్లంత మెత్తటి కడ్డీ, మూడేళ్లు పనిచేస్తుంది. తీసేశాక సూదిలా ఆలస్యం ఉండదు, కొద్ది వారాల్లోనే అండం విడుదల మొదలవుతుంది. పెట్టించుకున్నాక పై చేతి లోపలి వైపు చర్మం కింద బొటనవేలితో నొక్కి చూసుకుంది. అత్త చేయి కూడా తీసుకెళ్లి అక్కడ పెట్టింది. అది గుండెలోకి పాకిపోతుందని ఇంకో పుకారు ఉంది లెండి. సరిగ్గా పెడితే అది కదలడం చాలా అరుదు, పెట్టిన చోటే ఉంటుంది, అందుకే చేతికి తగులుతుంది.

'ఎప్పుడైనా తీస్తాం' అన్న మాట నిలబెట్టుకోకపోతే మిగతా కౌన్సెలింగ్ అంతా గంగలో కలిసినట్టే. తీయమని వచ్చిన అమ్మాయిని "ఇంకో ఏడాది ఆగు" అని పంపేస్తే, ఆ సాయంత్రానికే బ్లాకు మొత్తానికి తెలుస్తుంది. పెట్టడం నేర్చుకున్నవాళ్లకి తీయడం కూడా వచ్చి ఉండాలి.

మన తెలుగువాళ్లకి ఇదంతా అర్థం కావడం కాస్త కష్టం. మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. చకచకా ఇద్దరిని కనేసి, పాతికేళ్లకే ఆపరేషన్. కాన్పుల మధ్య ఎడం పెట్టే తాత్కాలిక పద్ధతులు మన ఇళ్లలోనే అలవాటు లేవు. హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల 2012 తర్వాత వచ్చిన రోహింగ్యాలు వేల మంది ఉన్నారు. అక్కడ తిరిగే ఆశా కార్యకర్తలకి, నర్సులకి నా మనవి: 18 నిండని పిల్ల వస్తే పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి సమాచారం ఇవ్వాల్సి ఉంటుంది, ఆ చిక్కు పెద్దది, ఇక్కడ తేలేది కాదు. కనీసం 18, 19 ఏళ్ల కొత్త కోడళ్లనైనా "బిడ్డ పుట్టాక రా" అని పంపకండి. ఛాయ, మాలా-ఎన్ మాత్రలు, అంతర సూది, అన్నీ చూపించండి. అంతర తీసుకుంటే నెలసరి ఆగవచ్చని సూది వేయకముందే చెప్పండి. ముందే చెబితే మందు గుణం అనుకుంటారు, తర్వాత చెబితే సాకు అనుకుంటారు.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను.

రేషన్ కోసం పిల్లల్ని కంటారట. 2023లో శిబిరంలో మనిషికి నెలకిచ్చే ఆహార సాయం 12 డాలర్ల నుంచి 10కి, తర్వాత 8కి పడిపోయింది. ఎనిమిది డాలర్ల కోసం ఏ తల్లీ కాన్పు నొప్పులు పడదు.

మతం ఒప్పుకోదట. తాత్కాలిక పద్ధతులు భార్యాభర్తలిద్దరి ఇష్టంతో వాడుకోవచ్చని చాలామంది ఇస్లామీయ పండితులు చెప్పారు. ఇమామ్‌ని పక్కన పెట్టకుండా కూర్చోబెట్టి మాట్లాడితే పని తేలికవుతుంది.

సూది తేదీ దాటితే ఇక అంతేనట. కాదు, నాలుగు వారాల వరకు ఆలస్యమైనా వేయించుకోవచ్చు. వానలకి దారులు తెగినప్పుడు ఇది తెలియక ఎంతమంది మానేశారో! 2021 మార్చి 22న బాలుఖాలీ వైపు మంటల్లో వేల గుడిసెలు బూడిదైనప్పుడు మాత్రల అట్టలూ, కార్డులూ అన్నీ పోయాయి. అలాంటప్పుడు కార్డు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు. నోటితో చెప్పిన తేదీ చాలు, అనుమానం ఉంటే గర్భ పరీక్ష చేయండి.

కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర కడుపు పోగొడుతుందట, పెళ్లి కాని పిల్లలకి దాని గురించి చెబితే చెడిపోతారట. ఆ మాత్ర అండం విడుదలని ఆపుతుంది లేదా వాయిదా వేస్తుంది, అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చేయదు. పనిచేసేది ఐదు రోజుల లోపే, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. 2017లో సైనికుల అత్యాచారాలకి గురై, రోజుల తరబడి అడవుల్లో నడిచి సరిహద్దు దాటిన పిల్లల్లో చాలామందికి ఆ గడువు దారిలోనే అయిపోయింది. అందుకే శరణార్థులు వచ్చిన మొదటి రోజు నుంచే ఈ మాత్ర అందుబాటులో ఉండాలని సంక్షోభాల్లో ఆడవాళ్లకి అందించాల్సిన కనీస ఆరోగ్య సేవల అంతర్జాతీయ ప్యాకేజీలో రాసి పెట్టారు. మీ కేంద్రంలో ఉందో లేదో, గడువు తేదీ దాటిందో లేదో ఇవాళే బీరువా తీసి చూడండి. తాళం ఒకరి దగ్గరే ఉంటే, రాత్రి డ్యూటీ నర్సుకి కూడా ఒకటి ఇప్పించండి.